ముగ్గు లేని వాకిలి దొంగకు ఏం చెప్తుంది?

పొద్దున ఏడింటికి మన ఊళ్లలో ఏ వీధిలోనైనా ఒకసారి నడిచి చూడండి. ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గు పెట్టిన వాకిళ్ల మధ్య ఒక్క వాకిలి మాత్రం ఎండిపోయి, వేపాకు రాలి, మొన్నటి ముగ్గు సగం చెరిగి కనిపిస్తుంది. గేటు సందులోంచి వేసిన పేపరు వేసినట్టే ఉంటుంది. ఆ ఇంట్లో మనుషులు లేరని ఎవరినీ అడగక్కర్లేదు. పగలు బండి మీద ఒక చుట్టు తిరిగిపోయినవాడికి ఆ ఒక్క చూపు చాలు. ఎదురింటివాళ్లకు మాత్రం ఆ ఇంటివాళ్లు ఎక్కడికి పోయారో, ఎప్పుడొస్తారో, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండదు.

చాలా దొంగతనాలు ఈ తేడా మీదే నడుస్తాయి. మన సంగతి మనవాళ్లకంటే ముందు దొంగకు తెలుస్తుంది. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరైనా, బ్యాంకు ముందైనా, ఫోన్‌లోనైనా జరిగేది ఇదే. తాళం, కెమెరా, గస్తీ అన్నీ అవసరమే. కానీ సమాచారం ఎటు పోతోందో చూసుకోకుండా వాటి మీద ఎంత ఖర్చు పెట్టినా సగం వృథానే.

తాళం వేసిన ఇల్లు

ఇళ్లకు తాళాలు పడే రోజులు అందరికీ తెలిసినవే. దీపావళి దాటాక కురుమూర్తి జాతర, మాఘంలో చెరువుగట్టు జాతర, సంక్రాంతి సెలవులు, వరుసగా ముహూర్తాలున్న పెళ్లిళ్ల నెలలు. పాలమూరు వైపు బొంబాయి, పూణే పనులకు వలసపోయినవాళ్ల ఇళ్లు నెలల తరబడి మూసే ఉంటాయి, లేదంటే ముసలి తల్లో తండ్రో ఒక్కరే ఉంటారు. ఎండాకాలానిది ఇంకో తీరు. ఉక్కపోతకు ఇంటిల్లిపాదీ డాబా ఎక్కి పడుకుంటారు, కింద తలుపు దగ్గరికేసి వదిలేస్తారు. పైన అందరూ ఉన్నారన్న ధైర్యంతో కింద ఇల్లు ఖాళీ అవుతుంది. డాబా మీద పడుకునే రాత్రి కింది తలుపుకు తాళం పడాల్సిందే, తాళంచెవి దిండు కింద ఉండాల్సిందే.

ఊరికి పోయేముందు కొత్త తాళం కొనడం కంటే ముందు చేయాల్సింది చెప్పడం. ఇద్దరికి చెప్పండి. ఒకరు ఎదురింటివాళ్లు, ఇంకొకరు మన వెనక గోడ కనిపించే ఇంటివాళ్లు. ఎదురింటికి మన దర్వాజ కనిపిస్తుంది గానీ పెరటి తలుపు కనిపించదు, దొంగ ఎక్కువగా ఎంచుకునేది ఆ పెరటి తలుపునే. ఏ రోజు పోతున్నాం, ఏ రోజు వస్తాం, ఈ మధ్యలో ఇంటికి ఎవరు రావచ్చు అన్న మూడు సంగతులూ వాళ్లకు తెలియాలి. మూడోది చాలామంది మర్చిపోతారు. మొక్కలకు నీళ్లు పోయడానికి తమ్ముడు వస్తాడని ముందే తెలిస్తేనే, తమ్ముడు కాని మనిషి గేటు తీసినప్పుడు పక్కింటివాళ్లు అడగగలుగుతారు. ఎదురింటి అక్కను మన వాకిట్లో కూడా నాలుగు నీళ్లు చల్లి రెండు గీతలు ముగ్గు వేయమనండి. పేపర్ అబ్బాయికి, పాలాయనకు ఆ రోజులకు వద్దని చెప్పండి. వాకిట్లో లైటు పగలూ రాత్రీ వెలుగుతుంటే అదీ ఖాళీ ఇంటి గుర్తే. చీకటి పడితే వెలిగి తెల్లారితే ఆరిపోయే సెన్సార్ బల్బు మామూలు హోల్డర్‌లోనే పడుతుంది. తిరుపతి మెట్ల మీద దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టడం మాత్రం తిరిగొచ్చాకే.

పోలీస్ స్టేషన్‌లో చెప్పి పోవడాన్ని లాంఛనం అనుకోకండి. రాత్రి బీటు తిరిగే కానిస్టేబుల్‌కు ఊరంతా ఒక్కటే. ఫలానా ఇంటికి ఫలానా తేదీ దాకా తాళం ఉంటుందని రాసి ఉంటే ఆ గల్లీలో బండి స్లో చేస్తాడు. ప్రతి పల్లెకూ విలేజ్ పోలీస్ ఆఫీసర్‌గా ఒక కానిస్టేబుల్‌ను కేటాయిస్తున్నారు. మీ ఊరికి ఎవరో పంచాయతీలో అడిగి, నంబరు ఫోన్‌లో వేసుకోండి. ఇంటి నంబరు, గుర్తు, తేదీలు, మీ ఫోన్ నంబరు, ఇంటి ముందు వదిలిన బండి నంబరు ఇస్తే చాలు.

ఇక తాళం సంగతి. వెయ్యి రూపాయల తాళంకప్ప కొని నిశ్చింతగా పోతారు. దొంగ ఆ తాళాన్ని ముట్టుకోడు. తాళం వేలాడే బేడెం, దర్వాజ చట్రానికి దాన్ని పట్టుకునే కొండి, ఈ రెండూ ముప్పావు అంగుళం స్క్రూలతో చెక్కకు బిగించి ఉంటాయి. పదేళ్ల వానకు, ఎండకు చెక్క వదులై ఉంటుంది. సందులో ఒక రాడ్ పెట్టి లాగితే స్క్రూలు చెక్కతో సహా ఊడి వస్తాయి, తాళం తాళంగానే కింద పడుతుంది. మందు సులువు. స్క్రూలు తీయించి తలుపు అవతలి దాకా పోయే బోల్టులు వేయించండి. గుండ్రటి తల బయటికి, నట్టు, వెడల్పాటి వాషర్ లోపలికి రావాలి. కొండి వైపు కూడా అంతే, ఒక్క వైపు వదిలితే పని మొత్తం దండగ. వడ్రంగికి గంట పని. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే తలుపులోనే ఇమిడే తాళం మేలు. బయట తాళంకప్ప వేలాడకపోతే ఇంట్లో ఉన్నారో లేరో దూరం నుంచి తేలదు.

ఇంకో సంగతి. రైతు ఇంటి పెరట్లో గడ్డపార, నిచ్చెన గోడకు ఆనించే ఉంటాయి. ఇల్లు పగలగొట్టే పనిముట్లు ఆ ఇంట్లోనే దొరికితే దొంగ ఉత్త చేతులతో వస్తే సరిపోతుంది. వాటిని లోపల పెట్టి తాళం వేయండి. బీరువా లాకర్‌ను నమ్ముకోవద్దు, అది పలచటి రేకు. పైగా దాని తాళంచెవి బీరువా మీదో, చీరల మడతల్లోనో దొరికిపోతుంది. ఊరికి పోయే పది రోజులకైనా బంగారం బ్యాంకు లాకర్‌లో ఉండాలి. పెరటి గోడ పక్కన సర్కారు తుమ్మ పెరిగి ఉంటే కొట్టించండి. పొదలు మోకాలు ఎత్తు దాటకుండా, చెట్టు కొమ్మలు ఆరడుగుల కింద వేలాడకుండా ఉంటే నక్కి కూర్చునే చోటు ఉండదు.

కెమెరా ఉంది, కానీ ఏం కనిపించింది?

ఊళ్లలో చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకోవడం మంచి మార్పు. పోలీసులు ‘నేను సైతం’ పేరుతో దీన్ని ప్రోత్సహిస్తున్నారు. ఒకేసారి వంద మంది గుమిగూడే దుకాణాలు, ఫంక్షన్ హాళ్ల వంటి చోట కెమెరాలు పెట్టాలని, రికార్డు 30 రోజులు ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం వచ్చింది. ఇబ్బందల్లా వాటిని బిగించే పద్ధతిలోనే ఉంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఎత్తు. కరెంటు స్తంభం మీద పదిహేను అడుగుల పైన పెట్టిన కెమెరాలో తలలు, టోపీలు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. ముఖం కోసమైతే ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తున, మనిషి ఎదురుగా నడిచివచ్చే చోట ఒకటి ఉండాలి. మామూలుగా బిగించే 2.8 ఎం.ఎం. లెన్స్ వీధంతా చూపిస్తుంది, కానీ పన్నెండు, పదిహేను అడుగులు దాటితే ఆ ముఖం ఎవరిదో నిక్కచ్చిగా తేలదు. బండి నంబరు కావాలంటే ఊరి దారి ఇరుకయ్యే చోట, స్పీడ్ బ్రేకర్ దగ్గర, 6 లేదా 8 ఎం.ఎం. లెన్స్‌తో ప్రత్యేకంగా ఒకటి పెట్టించాలి. అది వచ్చే బండి లైట్లకు ఎదురుగా కాకుండా పోయే బండి వెనక నంబరు మీదికి తిరిగి ఉంటే రాత్రి కూడా పని చేస్తుంది.

రికార్డు ఎన్నాళ్లు ఉంటుందో లెక్క వేసుకోండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ పడుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. 1 టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండి, పాతదాని మీదే మళ్లీ రాసుకుంటుంది. పెళ్లికి పోయి పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి దొంగ వచ్చిన రాత్రి చెరిగిపోయి ఉంటుంది. రికార్డును దాచే డబ్బాను డీవీఆర్ అంటారు. కొత్త డీవీఆర్‌లలో వీడియోను కుదించే హెచ్ 265 అనే సెట్టింగ్ పెడితే దాదాపు సగం జాగాలోనే సరిపెట్టుకుంటుంది.

ఇక రోజువారీ రోగాలు. రాత్రి కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు గూడు కడుతుంది, బొమ్మంతా తెల్లగా మసకబారుతుంది. వారానికోసారి కర్రకు గుడ్డ కట్టి తుడిస్తే సరి. కోతులు కేబుల్ లాగేస్తాయి, అందుకని వైరు పైపులోనే రావాలి. డీవీఆర్ లోపలి నాణెమంత బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎక్కడికో పోతుంది. అప్పుడు దొంగతనం జరిగిన టైము ఒకటి, తెర మీద టైము ఇంకొకటి. డీవీఆర్‌ను హాల్లో టీవీ పక్కన పెడితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. అటక మీదో, తాళం పడే అల్మారాలోనో ఉండాలి. పంచాయతీ కెమెరాలకైతే ప్రతి సోమవారం అన్నీ ఒకసారి తెరిచి చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టే మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషి లేకుంటే పది కెమెరాలు కొనడం కంటే పని చేసే రెండు కొనడం నయం.

పొలం దగ్గర

ఇంట్లో పోయింది ఒక్క కుటుంబానిదే. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి పోతే దాని కింద బోర్లున్న రైతులందరి పొలమూ ఎండుతుంది. దొంగలు రాత్రి లైను ఆపి, దిమ్మె మీది నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కిందికి దొర్లించి, మూత విప్పి, ఆయిల్ ఒంపేసి, లోపలి రాగి చుట్ట లాక్కుపోతారు. డొల్ల అక్కడే ఉంటుంది. ఇలాంటి చోటును ఊరికే ఎంచుకోరు. రోడ్డుకు దూరంగా, ఆటో వచ్చే బండ్లబాట ఉండి, రాత్రి మనుషులు తిరగని చోటు చూసుకుంటారు. కోతలై బోర్లు ఆగిపోయిన నెలల్లో వారం దాకా ఎవరూ అటు పోరు, అదే వాళ్లకు కావాలి.

రాత్రి ఉన్నట్టుండి ఒక్క వైపు బోర్లకే కరెంటు పోతే ఫ్యూజు పోయిందిలే అని పడుకోవద్దు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. కరెంటు పోయినవాళ్లు అందులో రాయాలి, లైన్‌మన్‌ను అడగాలి, తాను లైను ఆపలేదని లైన్‌మన్ అంటే 100కు ఫోన్ చేసి, నలుగురు కలిసి లైట్లతో దూరం నుంచే చూసి రావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. పడిపోయి ఉన్నా పై తీగల్లో 11 కేవీ కరెంటు ఉండవచ్చు. దిమ్మెకు గట్టిగా బిగించడం, బోల్టులకు వెల్డింగ్ పెట్టడం లాంటివి లైను ఆపి కరెంటు సిబ్బంది చేయాల్సిన పనులు. 1912కు ఫిర్యాదు ఇచ్చి వాళ్లచేతే చేయించుకోవాలి.

మోటారు, కేబుల్ మాత్రం మన చేతిలోనివే. స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా కేబుల్‌ను పైపులో వేసి రెండడుగుల లోతున పూడ్చండి. తవ్వి తీయాలంటే టైము పడుతుంది, కోసి తీసుకుపోయినంత తేలిక కాదు. మోటారు మీద రేకు పట్టీని ఫొటో తీసుకుని, దాని సీరియల్ నంబరు రాసి పెట్టండి. పట్టీ ఊడదీసినా పోకుండా మోటారు ఒంటి మీదే ఊరి పొడి అక్షరాలు, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు పంచ్ కొట్టించండి. గుర్తు లేని మోటారు దొరికినా ఇది నాదేనని నిరూపించలేక వదులుకున్న రైతులు ఉన్నారు. కోసుకుపోయిన కేబుల్‌ను రాగి కోసం ఊరి బయట కాలుస్తారు. వాగు ఒడ్డునో, పాడుబడ్డ క్వారీలోనో నల్లటి బూడిద, పక్కన కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్, రబ్బరు కాలిన వాసన కనిపిస్తే ఫొటో తీసి స్టేషన్‌కు పంపండి. పాత ఇనుప సామాను దుకాణాలవాళ్లకూ ఊరు తరఫున ఒక మాట చెప్పండి. దొంగసొత్తని తెలిసి కొన్నా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది.

బ్యాంకు నుంచి ఇంటికి

వడ్ల పైసలో, పత్తి పైసలో, బత్తాయి తోట గుత్త పైసలో తీసుకుని రైతు బ్యాంకు మెట్లు దిగుతాడు. లోపల కౌంటర్ దగ్గర నోట్లు లెక్కపెడుతున్నప్పుడే చూసినవాడు బయట బండి దగ్గర ఉంటాడు. కట్టలు డిక్కీలో పడతాయి. దారిలో టైరు పంక్చర్ అవుతుంది, లేదా చొక్కా మీద ఏదో పడిందని ఎవరో చెప్తారు, లేదా చాయ్ తాగాలనిపిస్తుంది. స్కూటీ సీటును ఒక పక్క నుంచి గట్టిగా ఎత్తితే తెరుచుకుంటుంది, రెండు నిమిషాల పని కూడా కాదు. అందుకే పెద్ద మొత్తం తీసేటప్పుడు ఇద్దరు పోవాలి, డబ్బు ఒంటికి తగిలి ఉండే సంచిలో ఉండాలి, ఇంటి దాకా ఎక్కడా దిగొద్దు. బ్యాంకు ముందే పంక్చర్ కనిపిస్తే మళ్లీ లోపలికి పోయి మేనేజర్‌కు చెప్పండి. అసలు ఎరువుల దుకాణానికో, కౌలుకో కట్టాల్సినదైతే ఖాతా నుంచి ఖాతాకు వేయించడమే మేలు.

పుస్తెలతాడు తెంపేవాళ్లు చాలావరకు బండి మీద వెనక నుంచి వస్తారు. పొద్దున నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి పక్క నడవండి, కొంగు మెడ చుట్టూ కప్పుకోండి. ఇంటికొచ్చి నగలకు మెరుగు పెడతామనేవాళ్లను గడప ఎక్కనివ్వద్దు. వాళ్లు ముంచే ఆమ్లంలో బంగారం కరిగిపోతుంది. గొలుసు తళతళలాడుతుంది, తూకం వేస్తే తగ్గి ఉంటుంది.

ఫోన్‌లో మోసానికి ఊరూ పేటా తేడా లేదు. ప్రభుత్వ పథకం పేరుతోనో, చలాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (యాప్‌ను ఎక్కించే ఫైల్) నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్ అవతలివాడి చేతికి పోతుంది. డబ్బు పోతే ముందు 1930కు ఫోన్ చేయండి. పోయిన టైము, మొత్తం, మెసేజ్‌లో ఉండే 12 అంకెల యూపీఐ నంబరు చెప్పాలి. ఆ డబ్బు గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారుతుంది, అందుకే మొదటి గంట అంత ముఖ్యం. సిగ్గుపడి రెండు రోజులు దాచినవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

కొత్త మనిషి కనిపిస్తే

మెలకువగా ఉండే ఊరు భయపడే ఊరుగా మారడానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు. 2018 మే నెలలో పార్థీ దొంగల ముఠాలు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని తెలంగాణ అంతా పుకారు పాకింది. అమాయకుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపించారు. ఇల్లిల్లూ తిరిగి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. పుకారు పోయినంత వేగంగా నిజం కూడా పోవాలంటే ఆ నిజం ఊరివాళ్లకు తెలిసిన మనిషి నోటి నుంచే రావాలని ఆ పని చూపించింది.

చూడాల్సింది మనిషి ఏం చేస్తున్నాడన్నది. వేషం, భాష, కులం కాదు. కొన్ని కులాలకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసిన 1871 నాటి చట్టం 1952లోనే పోయింది. ఆ ముద్ర మాత్రం కొందరి నోళ్లలో ఇంకా ఉంది, దాన్ని మోసేది పొట్టకూటికి ఊళ్లు తిరిగే పేదలు. దుప్పట్లు అమ్మేవాడు ఇల్లిల్లూ తిరగడం అతని పని. తాళం వేసిన ఇంటి చుట్టూ రెండు సార్లు తిరిగి గోడ అవతలికి తొంగిచూడటం ఎవరు చేసినా అడగాల్సిన సంగతి. “ఎవరింటికి అన్నా?” అని మామూలుగా అడిగితే చాలు. నిజంగా పని మీద వచ్చినవాడు జవాబిస్తాడు, కానివాడు తనను చూశారని తెలిసి పోతాడు.

కళ్లముందే దొంగతనం చేస్తూ దొరికినవాడిని పట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది. కానీ ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 43వ సెక్షన్ చెప్తుంది. చెట్టుకు కట్టి కొట్టడం ఆ హక్కులో లేదు. కొడితే కేసు ఊరివాళ్ల మీదికి వస్తుంది, మనిషి పోతే జీవితాలు జైలుపాలవుతాయి.

100కు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు మండలం తప్పకుండా చెప్పండి. రామాపురాలు, గోపాలపురాలు ఒక్క ఉమ్మడి జిల్లాలోనే ఎన్నో ఉన్నాయి. తర్వాత ఎంతమంది, ఏ బండి, ఎటు పోయారు. చొక్కా రంగు దారిలో మారుతుంది, చెప్పులు, బూట్లు మారవు. నడక, ఎత్తు, పచ్చబొట్టు, మాట్లాడిన యాస గుర్తుపెట్టుకోండి. బండి నంబరు మొత్తం పట్టలేకపోతే చివరి నాలుగు అంకెలు, ముందున్న జిల్లా అంకె చాలు. తెలంగాణ బండికి 05 అయితే నల్లగొండ, 06 అయితే మహబూబ్‌నగర్. హైదరాబాద్–విజయవాడ రోడ్డైనా, జడ్చర్ల మీదుగా కర్నూలు పోయే రోడ్డైనా ఎక్కితే గంటలో ఇంకో జిల్లాలో ఉంటారు. అందుకే ఎటు పోయారన్నది మొదటి నిమిషంలోనే చెప్పాలి.

ఇంట్లో దొంగలు పడ్డారని తెలిసిన క్షణం నుంచి అందరూ చేసే పొరపాటు లోపలికి పోవడం. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఓదార్చేవాళ్లు అందరూ బీరువా తలుపు పట్టుకుని చూస్తారు, కింద పడ్డ చీరలు తీసి మడతపెడతారు. ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీం వచ్చేసరికి దొంగ వేలిముద్ర మీద పది మంది వేలిముద్రలు పడి ఉంటాయి. దర్వాజ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ఎవరినీ పోనివ్వద్దు. దొంగ వదిలేసిన రాడ్, తాగిపారేసిన నీళ్ల సీసా, గుట్కా ప్యాకెట్ ముట్టుకోవద్దు. ఈలోపు వీధిలో కెమెరా ఉన్న ప్రతి ఇంటికీ పోయి ఆ రాత్రి రికార్డు విడిగా దాచమని అడగండి. డీవీఆర్ తెరను మీ ఫోన్ గడియారం పక్కన పెట్టి ఒక ఫొటో తీస్తే రెండు టైముల తేడా తేలిపోతుంది.

ఫిర్యాదులో పోయిన నగల తూకం తులాల్లో, గుర్తులతో రాయండి, బిల్లులుంటే జత చేయండి. పెళ్లి ఫొటోలో ఆ నగ కనిపిస్తే అదీ పనికొస్తుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ప్రయాణంలో పోతే ఏ స్టేషన్ పరిధి అన్న పేచీ లేదు, ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా, పోస్టులో జిల్లా ఎస్పీకి పంపే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లోనే ఉంది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.